విద్యుత్ వాహనములు - విరళ మృత్తికలు

1909లో షోంబర్గ్ అను జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒక చిత్రమైన పరీక్ష చేసినాడు. తిరువాన్కూరు సంస్థానము నుండి ఐరోపాకు ఎగుమతి అగుచుండిన కొబ్బరి పీచుకు కొంత ఇసుక అంటుకొని వచ్చెడిది. ఆ ఇసుకను దులిపి పరీక్షించగా, అందులోని పసుపుపచ్చని, గోధుమవన్నె రేణువులు మోనజైటు అను ఖనిజమని తేలినది. ఆ కాలమున ఐరోపా నగరములలో గ్యాసు దీపములు వెలిగెడివి. ఆ దీపముల మాంటిలులకు థోరియము కావలెను. మోనజైటులో థోరియము ఉన్నది. ఇంకేమి, ఒకటి రెండేండ్లలోనే మనవాళకురిచ్చి తీరమున ఇసుకను తవ్వి ఖనిజమును వేరుచేయు పని మొదలైనది.

థోరియమును తీసికొనగా మిగిలిన పదార్థమునకు ఆనాడు పెద్ద విలువ లేదు. అందులో కొంత భాగమును ఇనుముతో కలిపి సిగరెట్టు లైటరులలో నిప్పురవ్వ పుట్టించు ముక్కలుగా చేసినారు. తక్కిన దానిని ఏమి చేయవలెనో తెలియక గుట్టలుగా పోసినారు. ఆ మిగులులో నియోడిమియము అను లోహము ఉన్నది. నూరేండ్లు గడచిన తరువాత దీపములలో థోరియమును అడుగువారు లేకపోయినారు. నియోడిమియము కొరకు దేశములు పోటీ పడుచున్నవి. విద్యుత్ కారును, విద్యుత్ స్కూటరును నడపు మోటారులలో ఎక్కువ వాటికి గుండెవంటిది ఈ లోహముతో చేసిన అయస్కాంతమే.

రాబోవు కాలమున ఈ లోహము ఎంత కావలెను అను ప్రశ్నకు సాధారణముగా ఒక గుణకారముతో జవాబు చెప్పుదురు. ఆ లెక్కను తరగతి గదిలోనే వేయవచ్చును. అయస్కాంతములోని ముఖ్య సమ్మేళనములో రెండు నియోడిమియము పరమాణువులకు పదునాలుగు ఇనుప పరమాణువులు, ఒక బోరాన్ పరమాణువు ఉండును. పరమాణు భారములను వరుసగా 144.2, 55.8, 10.8గా తీసికొన్నచో, బరువులో నూటికి సుమారు 27 పాళ్ళు నియోడిమియము, 72 పాళ్ళు ఇనుము, ఒక పాలు బోరాన్ అని తేలును. కర్మాగారములో కొంత అదనముగా కలుపుదురు గనుక విరళ మృత్తిక లోహముల పాలు ముప్పది అనుకొనవచ్చును. ఒక కారు మోటారులో ఒకటి మొదలు రెండు కిలోల అయస్కాంతము పట్టును. సగటున ఒకటిన్నర కిలో చొప్పున ఒక కోటి కార్లకు 15,000 టన్నుల అయస్కాంతము, అనగా 4,500 టన్నుల విరళ మృత్తిక లోహము కావలెను. 2024లో ప్రపంచమున అమ్ముడైన విద్యుత్ కార్లు, తీగతో ఛార్జి చేసికొను హైబ్రిడ్ కార్లతో కలిపి, 1 కోటి 70 లక్షలకు పైబడినవి.

గుణకారము తప్పుకాదు. కాని అందులో "కారుకు ఒకటిన్నర కిలో" అను అంకె స్థిరమైనదని ముందే ఒప్పుకొన్నట్లయినది. అయస్కాంతముల చరిత్ర చూచినచో అది ఏనాడును స్థిరముగా నిలిచినది కాదు. ఒక లోహము కొరత ఏర్పడినప్పుడెల్ల అయస్కాంతపు పాకమే మారినది.

ముందుగా ఈ మూలకముల పేరును గురించి కొంత చెప్పవలెను. 1787లో స్వీడన్‌లోని ఇట్టర్బీ అను పల్లెవద్ద గనిలో కార్ల్ ఆక్సెల్ ఆరీనియస్ అను సైనికోద్యోగికి బరువైన నల్లరాయి యొకటి దొరికినది. (విద్యుద్విశ్లేష్యముల సిద్ధాంతమున పేరు వినబడు ఆరీనియస్ ఇతడు కాడు, ఆయన నూరేండ్ల తరువాతివాడు.) 1794లో గడోలిన్ ఆ రాతిలో ఒక క్రొత్త "మృత్తిక" ఉన్నదని చెప్పినాడు. నీటిలో కరగక, నిప్పులో చెడక నిలుచు ఆక్సైడులను ఆనాటి రసాయనవేత్తలు మృత్తికలనిరి. ఆ పల్లె పేరుమీదనే యిట్రియము, టెర్బియము, ఎర్బియము, యిటెర్బియము అను నాలుగు మూలకములకు పేర్లు వచ్చినవి. ఒక చిన్న పల్లెకు ఇంతటి గౌరవము మరెక్కడను దక్కలేదు.

"విరళ" అను విశేషణము మాత్రము కొంత తప్పుదోవ పట్టించునది. భూమి పైపొరలో సీసము కంటె నియోడిమియమే ఎక్కువ. చిక్కు ఎక్కడనగా, ఈ మూలకములు ఒకచోట గట్టిగా పోగుపడి దొరకవు. దొరికినచోట పది పదునైదు కలిసియే దొరకును. రసాయన గుణములలో కవలపిల్లలవలె ఉండుటచే వానిని విడదీయుట కష్టము. 1841లో మొసాండర్ కనుగొని డిడిమియము అని పేరుపెట్టినది ఒక్క మూలకమనియే నలుబది ఏండ్లకు పైగా నమ్మినారు. ఆ పేరుకు కవల అని అర్థము, లాంథనమునకు కవల యని ఆయన ఉద్దేశము. 1885లో ఆయర్ వాన్ వెల్స్‌బాక్ దానిని ఓపికతో ఎన్నో మార్లు స్ఫటికీకరణము చేసి, అది నిజముగా రెండు మూలకములని నిరూపించినాడు. అవియే నియోడిమియము, ప్రసియోడిమియము. పైని చెప్పిన గ్యాసు దీపపు మాంటిలును కనిపెట్టినవాడును ఇతడే. దీపము కొరకు థోరియమును కోరినవాడే దానితోపాటు వచ్చు నియోడిమియమును కూడ కనుగొన్నాడు. ఆ రెంటిలో దేనికి భవిష్యత్తు ఉన్నదో ఊహించుటకు ఆయనకు ఆధారమేమియు లేదు. 1886లో లెకోక్ ద బ్వాబోద్రాన్ అను ఫ్రెంచి శాస్త్రవేత్త మరియొక మూలకమును కనుగొని, అది పట్టుబడుటకు పడిన శ్రమను తలచుకొని, దొరకుట దుర్లభము అను అర్థము గల గ్రీకు మాటనుండి డిస్ప్రోసియము అని పేరుపెట్టినాడు. ఈ పేరును గుర్తుంచుకొనవలెను. కథలో మరల వచ్చును.

ఇక అయస్కాంతముల సంగతి. 1917లో జపానులో హోండా కొటారో కోబాల్టు కలిపిన ఉక్కుతో అంతవరకు లేని బలమైన అయస్కాంతమును చేసినాడు. 1931లో మిషిమా ఇనుము, నికెలు, అల్యూమినియములతో ఇంకొకటి చేసినాడు. దానికి కోబాల్టు చేర్చగా ఆల్నికో జాతి అయస్కాంతములు వచ్చినవి. 1950 దశకము ఆరంభమున హాలెండులోని ఫిలిప్స్ పరిశోధనశాల వారు ఇనుప ఆక్సైడునకు బేరియము చేర్చి కుండపెంకువంటి ఫెర్రైటు అయస్కాంతములు తయారు చేసినారు. రేడియో లౌడ్‌స్పీకరు వెనుక ఉండు నల్లని బిళ్ళ ఇదియే. బలము తక్కువైనను ధర మిక్కిలి చౌక. 1966లో అమెరికా వైమానిక దళ పరిశోధనశాలలో కార్ల్ స్ట్ర్నాట్ విరళ మృత్తికలను కోబాల్టుతో కలిపినచో గొప్ప అయస్కాంతములు రాగలవని చూపినాడు. దాని ఫలితముగా సమేరియము-కోబాల్టు అయస్కాంతము పుట్టినది. అది 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కూడ చెక్కుచెదరదు. కాని సమేరియము స్వల్పముగా దొరకును. కోబాల్టులో అధికభాగము ఆఫ్రికాలోని ఒక్క దేశమునుండియే రావలెను.

ఆ దేశము జైరే. నేడు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రమని పిలువబడుచున్నది. 1978 మే నెలలో అక్కడి గని పట్టణమైన కొల్వేజీపై తిరుగుబాటు దళములు దాడి చేసినవి. గనులలో పని నిలిచినది. కోబాల్టు ధర కొద్ది కాలములోనే అనేక రెట్లు పెరిగినది. దూరదేశపు గని పట్టణములో పేలిన తుపాకుల చప్పుడు ప్రపంచములోని అయస్కాంత పరిశోధనశాలలన్నిటిలో వినబడినదని చెప్పవచ్చును. కోబాల్టు లేకుండ అయస్కాంతము చేయుట ఎట్లు?

జపానులో ఫ్యూజిట్సూ సంస్థలో పనిచేయుచుండిన సగావా మసాటో మనస్సును ఈ ప్రశ్న అంతకు ముందునుండియే పట్టుకొని ఉన్నది. కోబాల్టు బదులు ఇనుమును ఏల వాడరాదు? ఇనుము చౌక, సమృద్ధిగా దొరకును, దాని అయస్కాంతత్వము కూడ ఎక్కువయే. విరళ మృత్తికలతో కలిసిన ఇనుప సమ్మేళనములలో ఇనుప పరమాణువులు మరీ దగ్గరగా ఉండుటయే లోపమని ఒక సభలో విన్నాడు. అట్లయినచో వాని నడుమ బోరాన్ వంటి చిన్న పరమాణువును చొప్పించి ఎడము చేసినచో ఏమగును అని ఆయన ఆలోచన. సంస్థ ఆ పనికి ప్రోత్సాహమియ్యకపోగా, 1982లో సుమిటోమో స్పెషల్ మెటల్స్ సంస్థలో చేరి, కొద్ది మాసములలోనే నియోడిమియము, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతమును సాధించినాడు. ఇంచుమించు అదే సమయమున అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధకుడు జాన్ క్రోట్ కరిగిన మిశ్రలోహమును గిరగిర తిరుగు చక్రముపై పోసి, క్షణములో చల్లార్చి, అదే సమ్మేళనమును పొందినాడు. 1983లో పిట్స్‌బర్గ్ నగరమున జరిగిన అయస్కాంత సదస్సులో ఇరుపక్షముల వారును తమ ఫలితములను ప్రకటించినారు. ఒకరి సంగతి ఒకరికి తెలియక ఒక్క గమ్యమునకే చేరుట విజ్ఞానచరిత్రలో అరుదు కాదు. ఒకే కొరత ఇద్దరిని నెట్టినప్పుడు అది మరింత సహజము.

మంచి ఫెర్రైటు బిళ్ళ కన్న క్రొత్త అయస్కాంతపు శక్తి ఇంచుమించు పది రెట్లు. సమేరియము కంటె నియోడిమియము ఖనిజములో చాల ఎక్కువ. అన్నియు బాగున్నవి, ఒక్కటి తప్ప. వేడి తగిలినచో ఈ అయస్కాంతము త్వరగా లొంగిపోవును. కారు మోటారు లోపల వేడి 150 డిగ్రీలకు చేరవచ్చును. అంత వేడిలో ఎదురు అయస్కాంత క్షేత్రమునకు తట్టుకొని నిలుచుటకై అందులో కొంత నియోడిమియము బదులు డిస్ప్రోసియమును కలిపినారు. కోబాల్టు కొరతను తప్పించుకొనబోయి, పేరులోనే దుర్లభత్వము గల మూలకము చేతిలో పడినట్లయినది.

మోటారుకు అసలు అయస్కాంతమెందుకు అని విద్యార్థి అడుగవచ్చును. నిజమునకు అది లేకయే నడుచు మోటారు ఉన్నది. ప్రేరణ మోటారులో తిరుగు భాగమున అయస్కాంతముండదు. బయటి తీగచుట్టల తిరుగు క్షేత్రము లోపలి కడ్డీలలో ప్రవాహమును ప్రేరేపించి దానిని త్రిప్పును. పొలములో నీరు తోడు మోటారు చాలవరకు ఇటువంటిదే. అయితే ఆ లోపలి ప్రవాహమునకు కొంత విద్యుత్తు వేడిగా ఖర్చగును. బోరుబావివద్ద ఆ నష్టము పెద్దది కాదు. బ్యాటరీలో మోసికొనిపోవు విద్యుత్తుకు మాత్రము ప్రతి యూనిటుకును విలువ ఉన్నది. శాశ్వత అయస్కాంతము తన క్షేత్రమును ఉచితముగా ఇచ్చును. మోటారు చిన్నదగును, తేలికగును. 1997లో జపానులో విడుదలైన టయోటా ప్రియస్ ఈ మార్గమునే పట్టినది. ప్రేరణ మోటారును కనిపెట్టినవారిలో ముఖ్యుడైన టెస్లా పేరు పెట్టుకొన్న అమెరికా కార్ల సంస్థ తన తొలి కార్లలో ప్రేరణ మోటారునే వాడినది. 2017లో వచ్చిన మోడల్ 3 కారులో అదియు అయస్కాంతమునకే మారినది.

గని వైపు చూచినచో కథ మరియొక దారిని నడచినది. 1949లో యురేనియము కొరకు వెదకువారికి కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ వద్ద విరళ మృత్తికల ఖనిజము దొరికినది. 1960 దశకమున రంగుల టెలివిజను తెరకు ఎర్రని వెలుగునిచ్చు యూరోపియము కొరకు ఆ గనిని విస్తరించినారు. చైనాలో బయాన్ ఓబో ఇనుప గనిలో విరళ మృత్తికలు అపారముగా ఉన్నవని తెలిసినది. దక్షిణ చైనాలోని జియాంగ్షీ రాష్ట్రమున 1969లో కనుగొన్న ఒకవిధమైన బంకమట్టి మరింత విలువైనది. అందులో ఖనిజపు రేణువులు లేవు. డిస్ప్రోసియము, టెర్బియము వంటి భారమైన మూలకముల అయానులు మట్టికి అంటుకొని ఉన్నవి. అమ్మోనియము సల్ఫేటు ద్రావణము పోసినచో అవి విడివడి వచ్చును. పని సులభము, కాని కొండల మట్టి కొట్టుకొనిపోయి, వాగుల నీరు అమ్మోనియాతో చెడి, చెట్టు మొలవని నేలలు మిగిలినవి. ఆ ఖర్చు అయస్కాంతపు ధరలో ఎన్నడును చేరలేదు.

మట్టి ఉండుట ఒక ఎత్తు, విడదీయుట ఒక ఎత్తు. అమెరికాలో చదివి 1951లో స్వదేశమునకు మరలిన షూ గ్వాంగ్షియాన్, 1970 దశకమున, ద్రావణులతో మెట్టు మెట్టుగా మూలకములను వేరుచేయు పద్ధతికి గణితసిద్ధాంతమును నిర్మించినాడు. వెల్స్‌బాక్ ఓపికతో విడదీసిన ఆ రెండు కవలలనే ఇతడు వందలాది తొట్ల వరుసలో టన్నుల కొలది విడదీయుటకు దారి చూపినాడు. ఆ నేర్పుతో చైనా ధరలు తగ్గగా పోటీకి నిలువలేక, మురుగునీటి తగాదాలు కూడ తోడై, 2002లో మౌంటెన్ పాస్ గని మూతపడినది. మరల తెరచుటకు పది ఏండ్లు పట్టినది. అప్పటికి ముందే, 1995లో, జనరల్ మోటార్స్ తన అయస్కాంత సంస్థను చైనా భాగస్వాములు గల కూటమికి అమ్మివేసినది.

ఫలితము 2010లో తెలిసినది. చైనా ఎగుమతి కోటాను ఇంచుమించు నలుబది శాతము తగ్గించినది. సెప్టెంబరులో సముద్రమున ఒక చేపల పడవ విషయమై జపానుతో వివాదము రాగా, ఆ దేశమునకు సరకు వెళ్ళుట ఆగినది. 2011లో ధరలు ఆకాశమునకు ఎగసినవి. అమెరికా ఇంధనశాఖ నియోడిమియము, డిస్ప్రోసియము, టెర్బియము, యూరోపియము, యిట్రియము అను అయిదింటికి గడ్డుకాలము రానున్నదని హెచ్చరించినది. అందులో యూరోపియము గతి చూడదగినది. అది ముఖ్యముగా ట్యూబులైట్లలోను, చిన్న ఫ్లోరసెంటు దీపములలోను పోయు పొడి కొరకు కావలసియుండెను. పదేండ్లు తిరుగకుండ ఎల్.ఇ.డి. దీపములు వచ్చి ఆ అవసరమును తుడిచివేసినవి. గ్యాసు దీపముతో థోరియమునకు జరిగినదే మరల జరిగినది.

డిస్ప్రోసియమునకు అట్లు జరుగలేదు. కాని వాడుక మారినది. అయస్కాంతము సూక్ష్మమైన రేణువుల కూడిక. ఎదురు క్షేత్రమునకు మొదట లొంగునది ప్రతి రేణువు అంచు. అట్లయినచో డిస్ప్రోసియమును ముద్దంతటిలో కలుపనేల? తయారైన బిళ్ళపై పూసి, కాల్చి, రేణువుల అంచుల వెంటనే లోనికి ఇంకింపవచ్చును. ఈ పద్ధతి 2011కు ముందే తెలిసినదే. ధర పెరిగినప్పుడు కర్మాగారములు దానిని ఆత్రముగా అందుకొన్నవి. 2016లో హోండా, డైడో స్టీల్ సంస్థలు డిస్ప్రోసియము, టెర్బియము లేకయే హైబ్రిడ్ కారుకు పనికివచ్చు అయస్కాంతమును ప్రకటించినవి. 2018లో టయోటా నియోడిమియములో సగము వరకు తగ్గించి లాంథనము, సీరియము కలిపిన అయస్కాంతమును ప్రకటించినది.

ఈ చివరిది కొంత ఆగి ఆలోచింపదగినది. ఖనిజములో మూలకములు ప్రకృతి నిర్ణయించిన పాళ్ళలోనే వచ్చును. మోనజైటులోని విరళ మృత్తికలలో ఇంచుమించు సగము సీరియమే. నియోడిమియము అయిదవ వంతు. ఒక టన్ను నియోడిమియము కొరకు తవ్వినచో రెండు టన్నులకు పైగా సీరియము అడుగనిదే వచ్చి కూర్చుండును. వరి పండించినవానికి ఊక వద్దన్నను వచ్చునట్లే. ఆ మిగులును అమ్ముకొనలేకపోయినచో దాని ఖర్చంతయు నియోడిమియము మీదనే పడును. కావున రేపటి గిరాకీని లెక్కించువారు నియోడిమియము ఒక్కదానినే చూచుట చాలదు. సీరియము ఏమగునో కూడ చూడవలెను.

2025 ఏప్రిల్ 4న చైనా సమేరియము, గడోలినియము, టెర్బియము, డిస్ప్రోసియము, లుటీషియము, స్కాండియము, యిట్రియము అను ఏడింటి ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసినది. ఈ జాబితాలో నియోడిమియము లేదు. అయినను డిస్ప్రోసియము కలిసిన అయస్కాంతమంతయు నియమము క్రిందికి వచ్చుటచే అమెరికాలోను, జపానులోను కొన్ని కార్ల కర్మాగారములు కొన్నాళ్ళు ఆగినవి. కిలో బరువు అయస్కాంతములో కొద్ది గ్రాముల లోహము కొరకు టన్నున్నర కారు నిలిచిపోయినది. మన దేశమున అమ్ముడగు విద్యుత్ వాహనములలో ద్విచక్ర, త్రిచక్ర వాహనములే అత్యధికము. వాని తయారీదారులకును ఇక్కట్లు వచ్చినవి. కొందరు తిరిగి ఫెర్రైటు మోటారు వైపు దృష్టి సారించినారు. మోటారు కొంత బరువైనను స్కూటరు పరుగులో నష్టము భరింపదగినదే కావచ్చును. కొన్ని ఐరోపా కార్లలో అయస్కాంతము బదులు తిరుగు భాగముపై రాగితీగ చుట్టిన మోటారులు ఇదివరకే నడుచుచున్నవి. అక్కడ నియోడిమియము తగ్గి రాగి పెరుగును. కొరత మాయము కాదు, ఇల్లు మారును.

ఆంధ్ర తీరమునకు ఈ కథలో చోటున్నది. హైదరాబాదు ముఖ్యస్థానముగా గల అణుఖనిజ అన్వేషణ శాఖ దేశమున సుమారు 130 లక్షల టన్నుల మోనజైటు ఉన్నదని లెక్కకట్టినది. రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ వాటాయే పెద్దది. భావనపాడు, కళింగపట్నము, భీమునిపట్నము వద్ద అలలు వెనుకకు పోయినప్పుడు తీరమున మిగులు నల్లని ఇసుక చారలు ఎవరైనను చూడవచ్చును. ఆ నలుపు ఇల్మెనైటుది. దానితోపాటు కొద్దిగా మోనజైటు. అయితే ఆ ఇసుక దిబ్బలే తుపానునాడు మత్స్యకారుల పల్లెలకు అడ్డుగోడ. మోనజైటులో థోరియము ఉండుటచే అది అణుశక్తి చట్టము క్రింది పదార్థము కూడ. లెక్కలో ఉన్న టన్నులన్నియు చేతికి వచ్చు టన్నులు కావు.

వచ్చినదానినైనను అయస్కాంతముగా మార్చుట ఇన్నాళ్ళు సాగలేదు. 1950లో స్థాపితమైన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఆల్వే కర్మాగారములో మోనజైటును శుద్ధిచేయుచు వచ్చినది. 2010 దెబ్బ తిన్న జపాను క్రొత్త వనరులను వెదకుచు 2012లో భారతదేశముతో ఒప్పందము చేసికొన్నది. ఒడిషా ఇసుకనుండి తీసిన మిశ్రమ లవణము విశాఖపట్నము వద్ద ఒక జపాను సంస్థ కర్మాగారములో విడదీయబడి జపానుకు పోయినది, అక్కడ అయస్కాంతమైనది. 2025లో ఆ ఎగుమతిని ఆపి దేశీయావసరములకు ఉంచవలెనని ప్రభుత్వము కోరినట్లు వార్తలు వచ్చినవి. అంతకు ముందే, 2023 మేలో, విశాఖపట్నములోనే ఏటికి 3,000 కిలోల అయస్కాంతములు చేయు కర్మాగారము జాతికి అంకితమైనది. అవి స్ట్ర్నాట్ నాటి సమేరియము-కోబాల్టు జాతివి. రక్షణ, అణుశక్తి, అంతరిక్ష శాఖల పనులకు ఉద్దేశించినవి, కార్లకు కావు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గము 7,280 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. దాని లక్ష్యము ఏటికి 6,000 టన్నుల విరళ మృత్తిక అయస్కాంతములు.

పైని వేసిన లెక్క ప్రకారము 6,000 టన్నులకు 1,800 టన్నుల విరళ మృత్తిక లోహము కావలెను. అందులో నియోడిమియము, ప్రసియోడిమియము మన ఇసుకలో ఉన్నవి. డిస్ప్రోసియము మాత్రము మన మోనజైటులో బహుస్వల్పము. 2010లో జపానును, 2025లో కార్ల కర్మాగారములను నిలిపిన ఆ కొద్ది గ్రాములను ఎక్కడనుండి తేవలెను, లేక హోండా వారివలె అవి లేకుండ పనిచేయు పాకమును ఎట్లు నేర్వవలెను అనునది ఆ పథకము క్రింద కర్మాగారము కట్టువారు మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న.